రెండుసార్లు లేదన్నాను

నంద్యాల,
జూలై చివరి ఆదివారం.

నవ్యకు, అత్త నాగమణి దీవించి రాయడం.

క్షేమంగా చేరాను. లింగంపల్లిలో మావాడు ప్రవీణ్ ఎక్కించిన బస్సు కర్నూలు దాటాక చెడిపోయింది. ఇంకో బస్సులో నిలబడి వచ్చాను. మీ మామయ్య బాగున్నారు. దుకాణం ముందు ఆషాఢం తగ్గింపు బోర్డు కట్టాం గానీ, బేరం చేస్తున్నా నా మనసు అక్కడ నిలవడం లేదు.

ఫోన్లో నా చెవికి సగం మాటలే అందుతాయని నీకు తెలుసు. దుకాణంలో నలుగురి మధ్య నిలబడి "ఏంటి, ఏంటి" అని అరుస్తూ అడిగే సంగతి కాదు ఇది. అందుకే కాగితం తీశాను. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి. తీరిగ్గా రెండుసార్లు చదువుకుంటాను.

ఆ రోజు ఆస్పత్రిలో ఏం జరిగిందో నాకు తిన్నగా అర్థం కాలేదు. డాక్టరమ్మ మొదట "భయపడాల్సిందేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళొచ్చు" అంది. నేను మంచం కింద నీ చెప్పులు కూడా వెతికి పెట్టాను. కాసేపటికి మళ్ళీ వచ్చి రక్తం తీశారు. ఆ తర్వాత స్కాన్ అన్నారు. ఆ తర్వాత ఊపిరితిత్తిలో రక్తం గడ్డ అన్నారు. ఇంతలోనే అంత మార్పు ఎట్లా వచ్చింది? ఇక్కడ అందరూ అడుగుతున్నారు. గుండెపోటా అని ఒకరు, ఉబ్బసమా అని ఒకరు. మన దుకాణంలో జాకెట్లు కుట్టే చెన్నమ్మ అయితే "ఊపిరితిత్తిలో గడ్డ అంటే క్యాన్సరే గదక్కా" అని ఏడ్చేసింది. కాదని చెప్పాను. మరి ఏమిటని అడిగితే చెప్పలేకపోయాను.

నాకు అర్థమయ్యేటట్టు రాయి. ఇంకొక మాట. ఆస్పత్రిలో రాసిచ్చిన మందులు తప్ప వేరేవి ఏవీ వేసుకోవద్దు. ఇంట్లో పాత మాత్రలేవైనా ఉంటే పారేయి. ఎందుకని అడగొద్దు, నా మనసుకు తోచింది.

నాగమణి

*

గోపన్‌పల్లి,
ఆగస్టు మొదటివారం.

అత్తయ్యకు నమస్కారాలు.

కాగితం మీద ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. చేతిరాత నాకే కొత్తగా ఉంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

చెన్నమ్మకు చెప్పండి, అది క్యాన్సర్ గడ్డ కాదు. రక్తం పెరుగులా గడ్డకట్టి చిన్న ముక్క అయిందట. అలాంటివి ఎక్కువగా కాలి నరాల్లో పుడతాయట. అక్కడి నుంచి రక్తంతోపాటు పైకి వచ్చి ఊపిరితిత్తి దారిలో ఇరుక్కుంటాయట. నల్లగండ్ల ఫ్లైఓవర్ మీద లారీ ఆగిపోతే వెనకాల ఏమవుతుందో మీరు చూశారుగా, అలాగన్నమాట. నాది చిన్నదే. పెద్దదైతే ప్రాణానికే ముప్పు అన్నారు. మూడు నెలలు రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలి. మొన్న బీరకాయ చెక్కు తీస్తుంటే వేలు తెగి చాలాసేపు రక్తం ఆగలేదు. అప్పటి నుంచి వంటగదిలో కత్తి ప్రవీణ్‌దే.

ఆ రోజు మీకు తెలిసిందే కదా. మధ్యాహ్నం ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఆఫీసు కాల్‌లో మాట్లాడుతుండగా కుడివైపు పక్కటెముకల కింద కత్తి దిగినట్టు నొప్పి వచ్చింది. ఊపిరి పీల్చుకుంటే ఇంకా ఎక్కువ. మీరు పరుగెత్తుకొచ్చి "ఏమైంది పాపా, యాడ నొప్పి?" అనడం గుర్తుంది. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ యాదయ్య భార్య వసంత నన్ను పట్టుకుని "పరేషాన్ కాకమ్మా, జర మెల్లగ, మెల్లగ. దవాఖాన దగ్గరనే ఉన్నది" అనడమూ గుర్తుంది. ప్రవీణ్ శంకర్‌పల్లి సైటులో ఉన్నాడు. ఆటోలో మీరు నా చెయ్యి వదల్లేదు.

ఎమర్జెన్సీలో డాక్టర్ దేవిశ్రీ వరుసగా ప్రశ్నలడిగింది. కాలు వాచిందా, దగ్గితే రక్తం పడిందా, ఈ మధ్య ఆపరేషన్ ఏమైనా జరిగిందా, ఇంతకుముందెప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, ఏవైనా మాత్రలు వాడుతున్నారా. అన్నిటికీ లేదన్నాను. నాడి చూసింది, వేలికి క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూసింది. ఈసీజీ, ఎక్స్‌రే బాగానే ఉన్నాయి. "ఇన్నిటికీ లేదు అన్నారు కాబట్టి గడ్డ ఉండే అవకాశం చాలా తక్కువ. ప్రతివాళ్ళకీ స్కాన్ చేస్తే మంచికంటే చెడే ఎక్కువ. ఇది కండరం నొప్పి కావచ్చు" అంది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. స్కాన్ వద్దనే డాక్టర్ ఈ రోజుల్లో ఎక్కడుంది?

అదే డాక్టర్ కాసేపటికి తిరిగొచ్చి, మిమ్మల్ని బయట కూర్చోమని, తెర లాగి, మాత్రల సంగతి మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ లేదన్నాను. "సరే, అయినా ఒక రక్తపరీక్ష చేద్దాం" అంది. అందులో తేడా కనిపించింది. స్కాన్ చేశారు, గడ్డ దొరికింది.

ఆమె మనసు ఎందుకు మారిందో నాకూ తెలియదు అత్తయ్యా. మంచికే మారింది. కానీ ఎందుకన్నది ఆలోచిస్తుంటే తల తిరుగుతోంది. గంటలకొద్దీ కదలకుండా కూర్చుని పనిచేయడం వల్ల కూడా ఇలా అవుతుందట. అదే కారణమై ఉంటుంది.

పాత మాత్రలు అని ఎందుకు రాశారు? ఇంట్లో జ్వరం మాత్రలు తప్ప ఏమీ లేవు.

మీ
నవ్య

*

నంద్యాల,
ఆగస్టు, వరలక్ష్మీ వ్రతం మరునాడు.

నవ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, ఇంకా ఎక్కువసార్లే చదివాను. చెన్నమ్మకు పెరుగు సంగతి చెప్పాను. ఊరట పడింది.

కూర్చుని పనిచేయడం వల్లే అంటున్నావు. నేనూ పొద్దుటి నుంచి గల్లాపెట్టె ముందు కూర్చునేదాన్నే. నీ వయసు నుంచీ కూర్చున్నాను. ఏమో, డాక్టర్లకు తెలియాలి. ఆమె రెండోసారి నన్ను బయటికి పంపి అడిగిందంటే, ఆ ప్రశ్నలో ఏదో ముఖ్యం ఉంటుంది కదా? నువ్వు ఏమీ మరిచిపోలేదు కదా? తలనొప్పి మాత్రో, ఇంకేదో.

ఇంకొక చిక్కు వచ్చిపడింది. మీ మామయ్య కార్తీకంలో మహానందిలో సంతానం కోసం మీ ఇద్దరి చేత హోమం చేయించాలని పంతులుతో మాట్లాడి వచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. వద్దని నేను అనలేను, అంటే ఎందుకని అడుగుతారు. సరే అనీ అనలేకుండా ఉన్నాను. నీకు ఒంట్లో బాగాలేదని చెబితే "అందుకే గదా హోమం" అంటున్నారు. ప్రవీణ్‌కు ఫోన్ చేస్తే "నాన్న ఇష్టం అమ్మా, దేవుడివ్వాలి గదా" అన్నాడు. వాడి గొంతు నాకు ఎప్పుడూ సరిగా అందదు. ఈసారి అందింది గానీ, వాడు ఏ మనసుతో అన్నాడో అర్థం కాలేదు.

ఆయనకు ఏమని చెప్పమంటావు? నువ్వే చెప్పు. ఏది రాసినా నేను తప్పుగా అనుకోను.

నాగమణి

*

గోపన్‌పల్లి,
సెప్టెంబరు.

అత్తయ్యా,

జవాబు ఆలస్యమైంది. రాసి చింపేస్తున్నాను, మళ్ళీ రాస్తున్నాను. ఆఫీసు ఒత్తిడి, ప్రయాణం వద్దన్నారు, ఇలాంటివి రాస్తే మీరు నమ్ముతారు. నాకు రాయబుద్ధి కాలేదు.

పోయిన శుక్రవారం ఆఫీసులో మళ్ళీ ఊపిరి అందలేదు. రాయదుర్గం మెట్రో మెట్లెక్కి వచ్చానంతే. చేతులు తిమ్మిరెక్కాయి, గుండె దడదడలాడింది. ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే క్యాబ్‌లో అదే ఆస్పత్రికి వెళ్ళాను. అదృష్టం, డాక్టర్ దేవిశ్రీయే ఉంది. అన్నీ చూసింది. రక్తం పలచబడే మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా అని అడిగింది. ఒకసారి గడ్డకట్టింది కాబట్టి ఈసారి తేలిగ్గా వదలనని మళ్ళీ స్కాన్ చేయించింది. పాతది దాదాపు కరిగిపోయింది, కొత్తది ఏదీ లేదని చెప్పింది. "ఇది భయం వల్ల వచ్చిన ఆయాసం నవ్యా. ఇంత పెద్దది జరిగాక ఇలా రావడం మామూలే. లోపల ఏమీ లేదు" అంది.

నేను నమ్మలేకపోయాను. "మొదటిసారి కూడా ఏమీ లేదనే కదా అన్నారు?" అనేశాను.

ఆమెకు కోపం రాలేదు. "మొదటిసారి మీరు లేదన్నారు కాబట్టి నేను లేదన్నాను" అంది. అంతే. నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. పక్క మంచం పెద్దమ్మ "ఏంది బిడ్డా, గిట్ల ఏడుస్తవు? ఏమీ లేదన్నరు గద, సంతోషపడాలె" అంటోంది. ఆవిడకు నేనేం చెప్పను?

మీకు చెబుతున్నాను. నేను మాత్రలు వేసుకునేదాన్ని అత్తయ్యా. పిల్లలు పుట్టకుండా వేసుకునేవి. రెండేళ్ళ కిందట ఐదో నెలలో బిడ్డ పోయిన దగ్గర్నుంచీ. ఆ మాత్రల వల్ల కొందరిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందట. డాక్టర్ మొదటిసారి అడిగినప్పుడు మీరు నా తల దగ్గరే నిలబడి ఉన్నారు. ఎలా చెప్పను? రెండోసారి అడిగినప్పుడు మీరు తెర అవతల ఉన్నారు. మీకు వినపడదని తెలుసు. అయినా నోరు రాలేదు. నొప్పితో చచ్చిపోతాననుకుంటూ కూడా లేదనే అన్నాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా అబద్ధం చెప్పే మనిషినా నేను? నాకే అర్థం కావడం లేదు.

మరునాడు వార్డులో ఆమె "ఆ మాత్రలు ఇక వాడకూడదు" అంది. నేను నోరు విప్పకముందే. రక్తంలో తెలిసిపోయిందనుకున్నాను. మొన్న అడిగితే ఆ పరీక్షలో మాత్రల సంగతేమీ తెలియదంది. "మరి మీకెలా తెలిసింది?" అంటే "అది నేను చెప్పకూడదు" అంది. ప్రవీణ్ చెప్పాడేమో అని గొడవ పడ్డాను. అతను ఒట్టేసి కాదంటున్నాడు.

అవును, ప్రవీణ్‌కు తెలుసు. "అమ్మకు చెప్పొద్దు, నేను చూసుకుంటాను" అన్నది అతనే. మీరు మొక్కుకుంటుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. హోమానికి రాలేను. రక్తం పలచబడే మందు వాడుతున్నన్నాళ్ళు గర్భం రానే కూడదు. ఆ తర్వాతైనా నాకు పిల్లలు కావాలో వద్దో తెలియదు. భయమో, ఇష్టం లేకపోవడమో కూడా తెలియదు.

మామయ్యకు ఏం చెబుతారో మీ ఇష్టం. నన్ను ఏమన్నా పడతాను.

నవ్య

*

నంద్యాల,
సెప్టెంబరు.

నవ్యా,

ప్రవీణ్‌తో గొడవ పడకు. డాక్టరమ్మకు చెప్పింది నేను.

మీ ఇంటికి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, చీరకు పిన్నీసు కావాలని నీ బీరువా తీశాను. చీరల మడతలో ఆ మాత్రల అట్ట కనిపించింది. వారాల పేర్లు, బాణం గుర్తులు. ప్రవీణ్ పుట్టాక ఆరోగ్య కేంద్రంలో నర్సు నాకు ఒకటి ఇచ్చింది. మా అత్త చూసి పొయ్యిలో వేసింది. అందుకే చూడగానే తెలిసింది. ఆ రెండు రోజులు నీతో సరిగా మాట్లాడలేదు, గమనించావో లేదో. కోపమొచ్చింది. మొక్కులు మొక్కిన నన్ను మీరిద్దరూ పిచ్చిదాన్ని చేశారనిపించింది. అడుగుదామనుకున్నాను. అంతలోనే నీకు ఆ నొప్పి వచ్చింది.

డాక్టరమ్మ "ఏవైనా మాత్రలు వాడుతున్నారా" అన్నప్పుడు నీ ముఖం చూస్తున్నాను. చెవి తక్కువైనవాళ్ళం ముఖాలే చూస్తాం. నువ్వు లేదన్నావు. ఆమె ఇంటికి పొమ్మంది. చెప్పులు తీసి పెట్టాను. కానీ ఆమె ఆ ప్రశ్న ఊరికే అడగదు కదా అనిపించింది. గబగబా వెళ్ళి "డాక్టరమ్మా, మా కోడలు మాత్రలు వేసుకుంటాది. నా ముందర చెప్పలేక లేదనింది. నేను చెప్పినానని మాత్రం ఆ పిల్లకు తెలియనీయొద్దు తల్లీ" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "మంచి పని చేశారు" అంది.

నేను మంచి పని చేశానో, నీ గుట్టు బయటపెట్టానో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నీ నోటితో నువ్వే చెబుతావేమోనని ఉత్తరాల్లో అటూ ఇటూ అడిగాను.

నేను నిన్నేమీ అనను. నా ముందర నోరు రానంతగా నేనేం చేశానా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

నాగమణి

*

గోపన్‌పల్లి,
అక్టోబరు.

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి మూడు రకాలుగా అనిపించింది. మీరు లేకపోతే ఆ సాయంత్రం నేను చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేసేదాన్ని. ఆ తర్వాత ఏమయ్యేదో తలుచుకోలేకపోతున్నాను. మీ కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

ఆ వెంటనే కోపం వచ్చింది. నా బీరువా ఎందుకు తీశారు? పిన్నీసు అడిగితే ఇచ్చేదాన్ని కదా. అన్నీ తెలిసి కూడా, నేను కూర్చోవడం వల్ల వచ్చిందని రాస్తే చదివి ఊరుకున్నారు. నేను ఒక్కో ఉత్తరం చింపుకుంటూ ఎంత నలిగానో.

ఆ వెంటనే సిగ్గేసింది. నా ప్రాణం కాపాడిన మనిషి మీద కోపమేమిటని. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చుకోలేక మూడూ రాసేస్తున్నాను. నా నోరు రాకపోవడానికి మీరు ఏమీ చేయలేదు అత్తయ్యా. బిడ్డ పోయినప్పుడు "వచ్చే ఏడాదికి అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. అందరూ అదే అన్నారు. ఆ మాట విన్నాక ఇంక ఏదీ చెప్పే సందు కనిపించలేదు, అంతే.

ప్రవీణ్‌కు మీ ఉత్తరం చూపించాను. చదివి, వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాడు. మరునాడు పొద్దున లేచి, నంద్యాల వెళ్ళొస్తానన్నాడు. రేపు బయలుదేరుతున్నాడు. మీతో ఏం మాట్లాడతాడో నాకు చెప్పలేదు.

నవ్య

*

నంద్యాల,
అక్టోబరు.

నవ్యా,

కోపం వచ్చిందని రాశావు, మంచిదే. బీరువా తియ్యడం నా తప్పే. ఇంకెప్పుడూ తియ్యను.

ప్రవీణ్ వచ్చాడు. ఎల్లుండి తిరిగి బయలుదేరతాడు. వాడి కంటే ముందే ఇది నీకు అందాలని కొరియర్‌లో పంపిస్తున్నాను.

మధ్యాహ్నం దుకాణం మూసి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మీ మామయ్య హోమం సంగతి ఎత్తారు. వాడు ముద్ద చేతిలో పట్టుకుని "హోమం వద్దు నాన్నా" అన్నాడు. "ఏమిరా, ఆ పిల్లకు ఇష్టం లేదా?" అన్నారు ఆయన. నేను జవాబు చెప్పబోయాను. వాడు నన్ను ఆపి, నాకు వినపడేటట్టు గట్టిగా అన్నాడు. "ఆ పిల్లకు కాదు నాన్నా, నాకు భయం. మాత్రలు తెచ్చిచ్చింది నేనే."

ఆయన తెల్లబోయారు. వాడు చెప్పుకుంటూ పోయాడు. బిడ్డ పోయిన రోజు నీకు తెలివి లేదంట. ఆస్పత్రివాళ్ళు బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి వాడి చేతికిచ్చారంట. మేము ఇంకా దారిలోనే ఉన్నాం. ఎవరికీ చెప్పకుండా బోరబండలో ఉండే స్నేహితుణ్ణి ఒకణ్ణి తోడు తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చాడంట. మేము వచ్చేసరికి స్నానం చేసి, చొక్కా మార్చుకుని, అందరికీ టీలు తెచ్చిచ్చాడు. నాకు గుర్తుంది. ఎంత నిబ్బరంగా ఉన్నాడో నా కొడుకు అనుకున్నాను.

"చేతుల్లో ఏమీ బరువు లేదమ్మా" అన్నాడు. మీ మామయ్య ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వాడి పక్కకు వచ్చి కూర్చున్నారు. హోమం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇది నీకు చెప్పలేదంట. నువ్వు తట్టుకోలేవని. నువ్వే భయపడి వద్దంటున్నావని, తను నీ కోసం ఒప్పుకున్నానని నిన్ను అనుకోనిచ్చాడంట. ఇది నేను చెప్పొచ్చో కూడదో ఇప్పుడూ తెలియడం లేదు. వాణ్ణే అడిగాను. "నువ్వే రాయమ్మా, నాకు చేతకాదు" అన్నాడు. అందుకే రాశాను.

నాగమణి

*

గోపన్‌పల్లి,
నవంబరు.

అత్తయ్యా,

ప్రవీణ్ వచ్చేసరికి మీ ఉత్తరం నా చేతిలో ఉంది. అతను చూశాడు. బ్యాగు దించకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేనే బ్యాగు అందుకున్నాను.

అతణ్ణి చూస్తుంటే కోపమో జాలో నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ పిరికిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ బతికాను కదా. ఎదురుగా ఉన్నది ఎవరో కొత్త మనిషి అనిపించింది, ఎప్పటినుంచో తెలిసిన మనిషి అనీ అనిపించింది.

నిన్న డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. గడ్డ పూర్తిగా పోయింది. మందు ఆపేయొచ్చంది. ఇక ముందు ఆ రకం మాత్రలు వాడొద్దనీ, పిల్లల సంగతి ఎప్పుడు ఆలోచించినా ముందుగా వచ్చి చెప్పమనీ అంది. ఆలోచిస్తామో లేదో మాకు తెలియదని ప్రవీణ్ అన్నాడు. "మాకు" అన్నాడు. అది నాకు వినపడింది.

తిరిగి వస్తూ లింగంపల్లి సిగ్నల్ దగ్గర కారు ఆగింది. బిడ్డ గురించి ఇన్నాళ్ళూ అడగాలని ఉండి, అడగనిది ఒకటుంది. అడిగాను.

స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ, "ఆడపిల్ల" అన్నాడు.

మీకు చెప్పాలనిపించింది అత్తయ్యా.

నవ్య